పులుపును, సోడాను కలపకండి

పులుసుకు రసం పిండుకున్నాక మిగిలిన చింతపండు పిప్పిని పారేయడం మా విజయనగరం ఇళ్లలో చాలామందికి ఇప్పటికీ దుబారాగానే తోస్తుంది. ఆ పిప్పిలో కాస్త ఉప్పు కలిపి కొబ్బరి పీచుతో రుద్దితే దీపపు కుందులు, ఇత్తడి చెంబులు తళతళలాడతాయని ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా తెలుస్తుంది. వంటింటి సరుకులతో ఇల్లు శుభ్రం చేసుకోవాలనుకునేవారికి ఈ రెండో సంగతే ఎక్కువ అవసరమని నేను అనుకుంటాను.

ఇత్తడిలో ఉండేవి రాగి, జింకు. గాలి, తేమ తగిలిన కొద్దీ దాని మీద నల్లటి పొర, కొన్నిచోట్ల పచ్చటి చిలుము ఏర్పడతాయి. సముద్రపు గాలి తగిలే మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని వేగిరపరుస్తుంది. సన్న ఉప్పు కంటే నౌపడా ఉప్పు మళ్ల నుంచి వచ్చే రాళ్ల ఉప్పును కొంచెం నలిపి వాడటం నాకు ఇష్టం, ఎందుకంటే ఆ గరుకుదనం కూడా రుద్దడానికి పనికివస్తుంది. శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది కనుక, ఈ ప్రాంతపు ఇళ్లలో తాతల నాటి బుడితి సామాను ఒకటో రెండో ఉండటం వింత కాదు. అటువంటి పాత్రను పులుపులో రాత్రంతా నానబెట్టకూడదు. అలా చేస్తే పైపొరలోని జింకు కరిగి, రాగి మిగిలి, పసుపు రంగు పాత్ర మచ్చలు మచ్చలుగా ఎర్రబారుతుంది. నాలుగైదు నిమిషాలు రుద్ది, మంచి నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో వెంటనే తుడిచేయాలి. తడి ఆరబెట్టి వదిలేస్తే చేసిన శ్రమంతా వారం తిరగకుండానే వృథా అవుతుంది.

కుళాయిల మీద, బకెట్ల అంచుల్లో బోరు నీళ్లు మిగిల్చే తెల్లటి చారలకు కూడా మందు పులుపే. ఆ చారల్లో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, అంటే దాదాపు సున్నపురాయే. రసం పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది, పది నిమిషాలు ఆగి కడిగితే అది వదిలిపోతుంది. ఇదే కారణం వల్ల పాలరాతి నేల మీద, నల్లటి కడప బండల మీద నిమ్మరసం గాని, వినెగర్ గాని పడనీయకూడదు. అవి కూడా సున్నపు జాతి రాళ్లే కాబట్టి చారను కరిగించే పులుపు రాతినీ తినేస్తుంది, పోయిన మెరుపు మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. టెక్కలి వైపు నుంచి వచ్చే గ్రానైటుతో వేసిన వంటగట్టుకు ఆ భయం తక్కువ.

జిడ్డు సంగతి వేరు. పొయ్యి వెనుక గోడ మీద, చిమ్నీ జాలీ మీద పేరుకున్న నూనె జిడ్డు పులుపుకు లొంగదు, దానికి క్షారం కావాలి. పూర్వం కట్టెల పొయ్యి బూడిద ఆ పని చేసేది. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ నూనెతో కలిసి కొంతవరకు సబ్బులా మారుతుంది. ఇప్పుడు బూడిద దొరకని ఇళ్లలో వంటసోడాను వేడి నీళ్లతో ముద్దగా చేసి, పావుగంట పట్టించి తుడవవచ్చు. అల్యూమినియం గిన్నెలకు మాత్రం దాన్ని తగలనీయవద్దు, నల్లబడతాయి.

రోజువారీ జిడ్డుకు నా ఓటు కుంకుడుకాయకే. సీతంపేట, పార్వతీపురం కొండల నుంచి వచ్చే కుంకుళ్లు మా బజార్లలో సులభంగా దొరుకుతాయి, గిరిజన సహకార సంస్థ దుకాణాల్లోనూ అమ్ముతారు. కాయలను నలగ్గొట్టి, గింజలు తీసేసి, వేడి నీళ్లలో నానబెట్టి పిసికితే వాటిలోని సపోనిన్లు నీటిలోకి దిగుతాయి. నూనెను నీటితో కలిపి వదిలించేవి అవే. నురుగు తక్కువగా ఉందని చిన్నచూపు చూడనక్కరలేదు. ఈ రసం రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది కాబట్టి ఏ పూటకు ఆ పూట చేసుకోవడమే మేలు, కంట్లో పడితే ఎలా మండుతుందో చిన్నప్పుడు తలంటు పోయించుకున్నవారికి వేరే చెప్పాలా?

ఇక వీడియోల్లో తరచుగా కనిపించే చిట్కా, సోడా మీద వినెగర్ పోసి బుసబుస పొంగించడం. చూడటానికి బాగుంటుంది, కానీ ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది సోడియం అసిటేట్ అనే చప్పటి ఉప్పునీరు. నాలుగు శాతం ఆమ్లం ఉన్న వినెగర్ నూరు మిల్లీలీటర్లు తీసుకుంటే దాని పులుపంతా విరిచేయడానికి ఆరు గ్రాముల లోపు సోడా, అంటే చిన్న చెంచాకు కొంచెం పైన, సరిపోతుంది. సింకు గొట్టంలో ఆ పొంగు చెత్తను కొద్దిగా కదిలించవచ్చునేమో గాని, సోడా చల్లి వేడి నీళ్లు పోస్తే జిడ్డుకు అంతకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. రెండూ వాడాలనుకుంటే ఒకటి పూర్తిగా కడిగేశాక రెండోది వాడాలి.

ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు నిమ్మ, బత్తాయి తొక్కలు, పది పాళ్లు నీళ్లు కలిపి మూడు నెలలు మాగబెట్టే ద్రవానికి ఈ మధ్య గిరాకీ పెరిగింది. నేల తుడిచే నీళ్లలో కొంచెం కలుపుకోవడానికి అది బాగానే ఉంటుంది. సర్వరోగ నివారిణి అన్నట్టు దాన్ని పొగడటమే నాకు నచ్చదు, చివరికి అది పలుచటి పులుపు నీరే. మొదటి నెలలో గ్యాసు పుడుతుంది కనుక గాజు సీసాలో బిగించకుండా, ప్లాస్టిక్ డబ్బాలో ఖాళీ ఉంచి పోసి, రోజూ మూత వదులు చేస్తూ ఉండాలి.

వీటిలో ఏదీ క్రిములను నమ్మకంగా చంపదు. ఇంట్లో వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు గాని, తుఫాను వరద నీరు ఇంట్లోకి వచ్చి పోయాక గాని, నిమ్మచెక్కను నమ్ముకోకుండా బ్లీచింగ్ పౌడరు వాడవలసిందే. ఆ రోజున వినెగరుకు, నిమ్మకు, మరుగుదొడ్డి యాసిడ్‌కు దానిని దూరంగా ఉంచాలి. బ్లీచింగ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, కిటికీ లేని స్నానాలగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పాత ఇత్తడి గిన్నెల్లో వండేవారికి ఇంకొక్క మాట. చింతపండు, బూడిద, ఇసుక అన్నీ గిన్నె బయటి వైపుకే. లోపల పూసిన తగరపు కళాయి రుద్దిన కొద్దీ అరిగిపోతుంది, కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే రాగి కూరలోకి దిగుతుంది. లోపలికి కుంకుడు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. తెల్లటి పూత కింద పసుపు రంగు కనిపించడం మొదలైతే మళ్లీ కళాయి వేయించే వరకు ఆ గిన్నెలో పులుపు వండకండి.