గట్లు తెగినంత మాత్రాన కొల్లేరు తిరిగి రాదు

కైకలూరు దగ్గరి కొల్లేరు సరస్సు ఒడ్డున, ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకొని పిల్లల్ని పెంచుతాయి. నీళ్ళలో నానిన తుమ్మచెట్లు ఒక్కొక్కటే ఎండి పడిపోతుంటే, వాటికి బదులుగా అటవీశాఖ వారు నీటి మధ్య నిలబెట్టిన స్టాండ్లవి. శీతకాలంలో పడవ ఎక్కి చూసే సందర్శకులకు ఆ దృశ్యం కన్నులపండుగే. కొల్లేరు కోలుకుంటున్నదని చెప్పడానికి పత్రికలు కూడా ఎక్కువగా ఆ ఫొటోనే వేస్తాయి. ఆ ఫొటో ఒక్కటే సాక్ష్యంగా సరస్సు ఆరోగ్యాన్ని నిర్ణయించడం సరికాదని నా అభిప్రాయం. 1946లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించారు. 1970ల నాటికి ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఆ తరువాతి కాలంలో పక్షులు ఆటపాకకు తిరిగి వచ్చిన మాట నిజమే. అయితే అవి నేడు కడుపు నింపుకొనేది సరస్సు ఒక్కదానిలోనే కాదు, చుట్టుపక్కల చేపల చెరువుల్లో కూడా. ఏ చెరువుల వల్ల సరస్సు కుంచించుకుపోయిందో ఆ చెరువులే గూడబాతుకు మేత పెడుతున్నప్పుడు, దాని సంఖ్య పెరిగిందని సరస్సు బాగుపడిందనుకోవడం ఎలా?

సరస్సు స్థితిని అడగవలసింది కొర్రమేనును. నీరు పలచగా పరచుకొని గడ్డీ నాచూ పెరిగిన అంచుల్లో అది గుడ్లు పెడుతుంది. ఎర్రగా గుంపుగా తిరిగే పిల్లలకు పెద్ద చేపలు కాపలా కాస్తాయి. వర్షాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీటితో సరస్సు నాలుగు వైపులా పొంగి, వేసవికి మళ్ళీ లోపలికి తగ్గుతుంది. ఆ పొంగడం, తగ్గడం మధ్య మునిగి తేలే అంచు నేలే చేపకు పురిటిల్లు. నత్తలు ఏరుకొనే కొంగలు నిలబడేదీ, లంక గ్రామాల్లో చేపలు పట్టే వడ్డీ కులస్తులు మావులు (చేపల బోనులు) వేసుకొని బ్రతికినదీ ఆ నేలలోనే. చేపల చెరువు సరిగ్గా దానినే తుడిచివేసింది. నిటారు గట్టు, గట్టు లోపల ఏడాది పొడవునా ఒకే లోతు నీరు, గడ్డి అన్నది లేని అడుగు, మేత వేసి పెంచే కట్ల, శీలావతి: ఇవి ఎన్ని టన్నులు పండినా సరస్సుకు చేపలు ఉన్నట్లు కాదు. ఈ చెరువులను మొదట తవ్వించింది ఆక్రమణదారులు కారన్న సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట సరస్సు నేలను చెరువులకు పంచింది. పెట్టుబడిదారులు ఆ వెనుక వచ్చారు.

1999లో +5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది. 2006లో, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ జోక్యంతో, అక్రమ చెరువులను తొలగించే ఆపరేషన్ కొల్లేరు జరిగింది. పొక్లెయిన్లతో, పేలుడు పదార్థాలతో గట్లు తెంచారు. చట్టం అమలయిందన్న తృప్తి చాలామందికి కలిగింది, నాకు కూడా. అయితే గట్టును తెంచడం వేరు, నేలను పూర్వపు వాలుకు తేవడం వేరు. చాలాచోట్ల గండ్లు పడ్డాయే గాని మట్టి అక్కడే కుప్పలుగా మిగిలింది. ఆ కుప్పల మధ్య గుర్రపుడెక్క, కిక్కిస అల్లుకొని నీటి నడకకు అడ్డం తగిలాయి. తెగిన గట్లను ఎక్కడికక్కడ తిరిగి పూడ్చుకోవడానికి అదే మట్టి పనికి వచ్చింది కూడా.

ఆ తరువాత తగాదా అంతా కాంటూరు చుట్టూనే తిరిగింది. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని +3 అడుగులకు కుదించాలని తీర్మానించింది. అలా చేస్తే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఈ కుదింపును సమర్థించలేదు. రెండు అడుగుల తేడాకు ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవారు మా వైపు చాలామంది ఉన్నారు. కొల్లేరు లోతైన గుంట కాదు, దాదాపు పళ్ళెం వంటిది. రెండు అడుగుల నీరు తగ్గితే నేల వందల అడుగులు కాదు, కిలోమీటర్ల మేర బయటపడుతుంది. ఆ బయటపడే అంచే పైన చెప్పిన చేపల పురిటిల్లు. వరద నీరు పరచుకొని నిదానించే చోటు కూడా అదే. 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచిన బుడమేరు చివరకు చేరేది ఈ సరస్సులోకే. అందుచేత ఈ అంచు విస్తీర్ణం పక్షి ప్రేమికుల వ్యవహారంగా మాత్రమే మిగలడానికి వీలులేదు.

అభయారణ్యం లోపల జిరాయితీ (సొంత పట్టా) భూములున్న రైతులకు ఇంతవరకు న్యాయం జరగలేదన్నది కూడా అంతే నిజం. కాంటూరు తగ్గించమనే గొంతులో వారి బాధ ఉంది, ఆ బాధ చాటున పెద్ద చెరువుల యజమానుల లెక్కలూ ఉన్నాయి. రైతుకు పరిహారం ఇచ్చి భూమిని తీసుకుంటే ఈ రెండూ విడిపోతాయి. ఇన్నేళ్ళుగా విడదీయకపోవడం ఎవరికి లాభించిందో ఊహించడం కష్టమేమీ కాదు.

నిర్వహణ విషయానికి వస్తే, మొదటి పని ఉప్పుటేరు దగ్గర ఉంది. సరస్సు నుంచి సముద్రానికి నీరు పోయే దారి అదొక్కటే. అది పూడికతో ఇరుకైతే వరదలో లంకలు మునుగుతాయి. అడ్డు లేకుండా తెరచి ఉంచితే సరస్సు వేసవికి బీటలు వారుతుంది, ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. కాబట్టి పూడిక తీయడంతోపాటు నీటిని కావలసిన మట్టంలో నిలిపే రెగ్యులేటర్ కూడా కావాలి. ఆ మట్టం ఏడాది పొడవునా ఒకటే ఉండరాదు. అలా ఉంచితే సరస్సే ఒక పెద్ద చేపల చెరువుగా మారుతుంది. వర్షాకాలంలో అంచులు మునిగి, వేసవిలో తేలేలా తలుపులు నడపాలి. ఏ నెలలో ఎంత నీరు ఉంచాలో నిర్ణయించే బల్ల దగ్గర జలవనరుల, అటవీ శాఖల అధికారులతో సమానంగా, మావులు వేసే వడ్డీలకూ చోటు ఉండాలి. సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టుకొనే హక్కును 1999 నాటి ఉత్తర్వే వారికి మిగిల్చింది. కొర్రమేను ఏ మూల గుడ్లు పెట్టిందో మొదట తెలిసేది కూడా వారికే.