ప్రొడక్ట్ ఫొటోలకి రేటు కట్టడం: నా అనుభవం

“ఫొటోకి ఎంత తీసుకుంటారండీ?” ఫోన్ ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఇది. దీనికి అంకె చెప్పేస్తే బేరం అక్కడే మొదలవుతుంది. అందుకే ముందు నేనే అడుగుతాను: వస్తువేంటి, ఎన్ని, తెల్ల బ్యాక్‌గ్రౌండా స్టైలింగ్ ఉందా, ఫొటోలు ఎక్కడెక్కడ వాడతారు?

అసలు లెక్క మన ఖర్చుతో మొదలు కావాలి, పక్కవాడి రేటుతో కాదు. ఉదాహరణకి 6 లక్షల సామాను నాలుగేళ్లు పనికొస్తుందనుకుంటే నెలకి 12,500. స్టూడియో అద్దె, కరెంటు 18,000. సాఫ్ట్‌వేర్, హార్డ్‌డిస్కులు, ఇన్సూరెన్స్, తిరుగుడు 7,500. ఇంటికి 50,000. మొత్తం 88,000. షూట్, రీటచింగ్ (ఫొటోని కంప్యూటర్‌లో సరిదిద్దడం) కలిపి నెలలో బిల్లు వేయగలిగేవి 11 రోజులనుకుంటే రోజుకి 8,000. మిగతా రోజులు ఫోన్లకీ, కొటేషన్లకీ, బాకీల వసూలుకే పోతాయి. ఖాళీ నెలల కోసం 20 శాతం కలిపితే 9,600, అంటే ఎనిమిది గంటల రోజుకి గంటకి 1,200. కొత్తవాళ్లు 88,000ని 26 రోజులతో భాగించి రేటు చెబుతారు. ఆ రేటుతో స్టూడియో నడవదు.

ఇప్పుడు ఒక పచ్చడి సీసా. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద, లైటింగ్ ఒకసారి కుదిరాక, రోజుకి 24 తీయొచ్చు. తీతకి 400, పావుగంట రీటచింగ్‌కి 300, మొత్తం 700. అమెజాన్ మెయిన్ ఇమేజ్ అయితే బ్యాక్‌గ్రౌండ్ అచ్చ తెలుపు, అంటే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల అంకెలు) 255, 255, 255 ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. సీసా అంచు ఆ తెలుపులో కలిసిపోకుండా రెండు పక్కలా నల్ల అట్టలు నిలబెట్టాలి. లేబుల్ వంకరగా అతికించి ఉంటే, నూనె మూతదాకా పాకి ఉంటే పావుగంట కాస్తా ముప్పావుగంట అవుతుంది. అందుకే ఒక్కో రకానికి మూడేసి సీసాలు పంపమని కొటేషన్‌లోనే రాస్తాను, బాగున్నది ఏరుకోడానికి.

రాళ్ల నెక్లెస్ సంగతి వేరు. లెన్స్ రంధ్రం ఎఫ్/11కి చిన్నది చేసినా, మాక్రోలో, అంటే బాగా దగ్గర నుంచి తీసేటప్పుడు, ముందు రాయి షార్ప్‌గా ఉంటే వెనక కొక్కెం మసకే. ఫోకస్ కాస్త కాస్త జరుపుతూ పదిహేను, ఇరవై ఫ్రేములు తీసి స్టాక్ చేయాలి, అంటే ఒకే ఫొటోగా కలపాలి. బంగారంలో కెమెరా నీడ, రాళ్ల సందుల్లో దుమ్ము ఒక్కొక్కటీ తుడుచుకురావాలి. రోజుకి 12 తీస్తే తీతకి 800, గంటంపావు రీటచింగ్‌కి 1,500, మొత్తం 2,300. తీసిన ఖర్చుకి దాదాపు రెట్టింపు కంప్యూటర్ ముందే పోతుంది. నగలకీ సీసాలకీ ఒకే రేటు చెప్పేవాళ్లు నగల దగ్గర మునుగుతారు.

ఇదంతా తయారీ ధర. వాడకం వేరే లైను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. చాలామంది దీనికి తలకిందులుగా అనుకుంటారు. అందుకని షూట్‌కి ముందే కాగితం మీద పెట్టాలి: హక్కు ఫొటోగ్రాఫర్‌ది, వెబ్‌సైటూ సోషల్ మీడియాలో ఏడాదిపాటు వాడుకునే లైసెన్సు క్లయింటుకి. కాలం రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టమే లెక్క కడుతుంది. హోర్డింగ్, పేపరు యాడ్ అయితే ఏడాదికి తయారీ ధరలో సగం అదనంగా వేస్తాను. హక్కులన్నీ కావాలంటే రెట్టింపు. పచ్చళ్ల వ్యాపారి ఈ లైను చూసి ఉలిక్కిపడతాడు, యాడ్ ఏజెన్సీ మాత్రం మాట్లాడకుండా సంతకం పెడుతుంది.

తగ్గించమంటే రేటు తగ్గించను, పని తగ్గిస్తాను: ఒక్కో సీసాకి నాలుగు యాంగిల్స్ బదులు రెండు. ఉచిత శాంపిల్ ఉండదు. ఒకటి తీసి డబ్బు తీసుకుని, ఆర్డరొస్తే బిల్లులో తగ్గిస్తాను. “ఇలా కావాలి” అని చూపించిన ఫొటోని కొటేషన్‌కి జత చేయడం తప్పనిసరి. లేకపోతే మార్పులకి అంతుండదు. రెండు విడతల మార్పులు ఉచితం, మూడోది గంట లెక్కన.

సగం అడ్వాన్స్ పడ్డాకే తేదీ ఖాయం. వాటర్‌మార్క్ ఉన్న చిన్న ఫైళ్లు చూపించి, మిగతాది అందాకే పెద్ద ఫైళ్లు ఇవ్వాలి. కంపెనీలు అప్పు పెడతాయి కాబట్టి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి, అది ఉచితం. ఆ నంబరు బిల్లు మీద ఉంటే, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా చట్టప్రకారం 45 రోజులు దాటకూడదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ 18 శాతం, కొటేషన్‌లో “జీఎస్టీ అదనం” అన్న ముక్క ముందే ఉండాలి. టీడీఎస్ (బిల్లులోంచి ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కోసుకున్నారంటే అది ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మన పేరున పడిందో లేదో చూసుకోవాలి.