ఆలస్యంగా అందిన బంగారు పతకం

విశాఖలోని సింధియా ప్రాంతం మీదుగా వెళ్లేటప్పుడు షిప్‌యార్డు క్రేన్లు కనబడితే, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో ఓడలు కట్టిన స్త్రీలు నాకు గుర్తుకు వస్తారు. మన విశాఖలో 1941లో శంకుస్థాపన జరిగిన యార్డు నుంచి తొలి ఓడ ‘జల ఉష’ 1948లో గానీ నీటిలోకి దిగలేదు. రిచ్‌మండ్‌లోని నాలుగు యార్డులు మాత్రం యుద్ధ కాలంలోనే 747 ఓడలను కట్టాయి. రేకులను బిగించే రివెట్లనే ఇనుప మేకులకు బదులు ఎక్కువగా వెల్డింగును వాడడం, పెద్ద పెద్ద భాగాలను విడిగా తయారుచేసి క్రేన్లతో ఒకచోట చేర్చడం ఆ వేగానికి ముఖ్య కారణాలు. యుద్ధ కాలపు కార్మిక స్త్రీలకు ప్రతీకగా ‘రోజీ ద రివెటర్’ (రివెట్లు కొట్టే రోజీ) పేరే లోకమంతా మోగినా, అక్కడి ఆడవాళ్లు చాలామంది చేసింది వెల్డింగే. ముఖానికి కవచం, చేతులకు మందపాటి తోలు తొడుగులు వేసుకుని, ఇరుకైన ఉక్కు అరల్లో ఒదిగి కూర్చుని, నిప్పురవ్వల మధ్య రేకుకు రేకు అతికే పని అది.

యుద్ధం ముగిసి సైనికులు తిరిగి రాగానే ఆ స్త్రీలలో చాలామందికి ఉద్యోగాలు పోయాయి. ఇంగ్లండులోని షెఫీల్డు ఉక్కు కర్మాగారాల్లోనూ అదే జరిగింది. అక్కడ నలుగురు వృద్ధ స్త్రీలు పట్టుబట్టి కదిలించగా, 2016లో నగరం నడిబొడ్డున ఇద్దరు కార్మిక స్త్రీల కాంస్య విగ్రహం వెలిసింది. మన బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి స్మారకం ఉండడం సబబే గాని, కర్మాగారాల్లో చెమటోడ్చిన వారికీ అటువంటి చోటు దక్కాలని నా అభిప్రాయం.

అమెరికాలో యుద్ధ కాలపు కార్మిక స్త్రీలకు అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ ఇచ్చే బంగారు పతకాన్ని 2024 ఏప్రిల్‌లో ప్రదానం చేశారు. అప్పటికి వారిలో ఎక్కువమంది కన్నుమూశారు. ఇంత ఆలస్యంగా ఇచ్చిన గౌరవాన్ని ఔదార్యమనడానికి నాకు మనసొప్పదు.