రక్తం తీసుకెళ్ళినవాళ్ళు

మూడు రోజులుగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట మండలాల్లో తిరుగుతున్నాను. కిడ్నీ జబ్బు మీద జరిగే అధ్యయనంలో మా వైపు ఆసుపత్రులన్నీ ఎంతవరకు వచ్చాయో చూసుకోవడం నా పని. ఆఫీసులో కూర్చుంటే కనబడేది ఒకే అంకె, అధ్యయనంలో ఎంతమంది చేరారని. ఈ నెల లక్ష్యంలో సగం కూడా కాలేదు.

జనం ఎందుకు చేరడం లేదో నిన్న ఓ జీడితోట పక్కన ఇంటి అరుగు మీద తెలిసింది. "లోగడ కూడా వచ్చారు బాబూ, రక్తం తీసుకెళ్ళారు. ఏటి తేలిందో మళ్ళీ వచ్చి చెప్పినోడు లేడు" అంది ఒక పెద్దావిడ. వాళ్ళాయన డయాలసిస్ మీద ఉన్నాడు. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళయినా కచ్చితంగా తేలలేదు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది?

అధ్యయనంలో చేరే చదువురానివాళ్ళకి సమ్మతి పత్రాన్ని సాక్షి ముందు చదివి, అర్థమయ్యేలా చెప్పి, అప్పుడు వేలిముద్ర తీసుకోవాలి. దాన్ని త్వరగా ముగించమని మా వాళ్ళని తొందరపెట్టింది నేనే. చాలా బాధేసింది.

రాత్రే అన్ని కేంద్రాలకీ ఫోన్ చేశాను. మనం తీసిన ప్రతి రక్తపరీక్ష రిపోర్టూ ముందు ఇంటింటికీ చేర్చండి, ఓపిగ్గా వివరించండి, కొత్తవాళ్ళని తర్వాత అడుగుదాం అన్నాను. పొద్దున్నే మళ్ళీ కవిటి వెళ్తున్నా.