ఫిఫా విండోకు పదిహేను రోజుల ముందు

క్వాలిఫయింగ్ మ్యాచ్‌కి జట్టును ప్రకటించగానే అభిమాని కళ్లు ముందుగా వెతికేది విదేశీ క్లబ్బుల్లో ఆడే ఆ ముగ్గురు నలుగురి పేర్లనే. ఒక్క పేరు కనిపించకపోయినా తిట్లు మొదలవుతాయి. ఆటగాడికి దేశం పట్టదంటారు, క్లబ్బుకు డబ్బే లోకమంటారు, కోచ్‌కి పట్టుదల లేదంటారు. ఆ మాటలు వింటే బాధేస్తుంది. చాలాసార్లు ఆ పేరు జారిపోయేది అంతకు పదిహేను రోజుల ముందే, వేళకు వెళ్లని ఒక ఉత్తరం దగ్గర.

ఆటగాళ్ల హోదా, బదిలీల మీద ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకు ఒక నిబంధనావళి ఉంది. దాని మొదటి అనుబంధం మొత్తం జాతీయ జట్లకు ఆటగాళ్లను వదలడం గురించే. అంతర్జాతీయ మ్యాచ్ క్యాలెండర్‌లో ఉన్న విండోలో, అంటే జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం కేటాయించిన రోజుల్లో, పిలుపు వస్తే క్లబ్బు ఆటగాడిని వదిలి తీరాలి. జాతీయ జట్టుకు పంపబోమని కాంట్రాక్టులో రాసుకున్నా అది చెల్లదు. ప్రపంచ కప్, ఖండాల సీనియర్ టోర్నీల ఫైనల్ రౌండ్లకూ ఇదే వర్తిస్తుంది. క్యాలెండర్ బయట మాత్రం అంతా క్లబ్బు దయ. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముందు బార్సిలోనా, షాల్కే, వెర్డర్ బ్రెమెన్ క్లబ్బులు క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకు వెళ్లి గెలిచింది ఈ పాయింటు మీదే. ఒలింపిక్స్ ఆ క్యాలెండర్‌లో లేవు కాబట్టి వదలాల్సిన పని లేదని కోర్టు తేల్చింది. ఆ తర్వాత మెస్సీని బార్సిలోనా తనంతట తానే పంపింది, అది వేరే సంగతి.

మామూలు విండో సోమవారం ఉదయం మొదలై మరుసటి వారం మంగళవారం రాత్రికి ముగుస్తుంది. తొమ్మిది రోజులు, రెండు మ్యాచ్‌లు. మొదటి మ్యాచ్ బుధవారం నుంచి ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, కానీ రెండింటి మధ్య రెండు పూర్తి రోజులు ఖాళీ ఉండాలి. గురువారం ఆడితే ఆదివారం, శనివారం ఆడితే మంగళవారం. సోమవారం ఉదయానికల్లా ఆటగాడు ప్రయాణం మొదలుపెట్టాలి, విండో ముగిశాక బుధవారం ఉదయానికల్లా తిరుగు ప్రయాణం మొదలవ్వాలి. 2026 నుంచి సెప్టెంబర్, అక్టోబర్ విండోలను కలిపేశారు. ఆ ఏడాది సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 6 దాకా పదహారు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడొచ్చు. దూరాల నుంచి వచ్చే ఆటగాళ్లకు ఒక రానుపోను ప్రయాణం తప్పుతుంది కాబట్టి ఇది మంచి మార్పే అని నా అభిప్రాయం.

ఇక ఉత్తరం సంగతి. విండో మొదటి రోజుకు కనీసం 15 రోజుల ముందు దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ నుంచి ఆటగాడికి రాతపూర్వకంగా పిలుపు అందాలి, అదే సమయంలో క్లబ్బుకూ తెలియజేయాలి. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. విండో సోమవారం మొదలవుతుంది కాబట్టి 15 రోజులు వెనక్కి లెక్కపెడితే ప్రతిసారీ ఆదివారమే వస్తుంది. 2025 అక్టోబర్ విండోనే తీసుకోండి. అది 6వ తేదీ సోమవారం మొదలైంది, గడువు సెప్టెంబర్ 21 ఆదివారం. ఆ రోజు చాలా క్లబ్బుల ఆఫీసులకు సెలవు, లేదా అందరూ మ్యాచ్ హడావిడిలో ఉంటారు. కాబట్టి అసలు గడువు 19వ తేదీ శుక్రవారం అనుకుని పనిచేయాలి. ఇంకా ముందు పంపితే ఇంకా నయం. ఉత్తరం అందాక ఆరు రోజుల్లో క్లబ్బు ఒప్పుకుంటూ జవాబివ్వాలి, అంటే 25వ తేదీ. ఏ రోజు ఏ విమానంలో వస్తాడు, ఎప్పుడు తిరిగి వెళ్తాడు అనే వివరం పది రోజుల ముందు, అంటే 26వ తేదీకి, ఫెడరేషన్ క్లబ్బుకు రాసివ్వాలి.

ఉత్తరంలో ఆటగాడి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మ్యాచ్ తేదీలు, వేదికలు, క్యాంపులో చేరాల్సిన చోటు, సమయం రాయాలి. క్లబ్బు ఏ దేశంలో ఉందో ఆ దేశపు ఫెడరేషన్‌కి కాపీ పెట్టాలి. కోచ్ ఆటగాడికి ఫోన్ చేసి మాట్లాడటం, ఏజెంటుకు వాట్సాప్‌లో లిస్టు పంపడం పిలుపు కిందకి రావు. ఏజెంటుకు తెలిసినంత మాత్రాన క్లబ్బుకు తెలిసినట్టు కాదు, రేపు గొడవొస్తే చేతిలో కాగితం ఉండదు. లోన్ మీద ఆడుతున్న ఆటగాడి విషయంలోనూ పొరపాట్లు జరుగుతాయి. అతను ప్రస్తుతం ఏ క్లబ్బులో రిజిస్టర్ అయ్యాడో ఆ క్లబ్బుకే రాయాలి, అతన్ని లోన్‌కి ఇచ్చిన క్లబ్బుకు కాదు.

2025 దాకా విడిగా ఉన్న సెప్టెంబర్ విండోలో ఇది మరీ తలనొప్పిగా ఉండేది. యూరప్ ట్రాన్స్‌ఫర్ మార్కెట్ ముగిసే రోజులూ అవే. ఆగస్టు నడిమధ్యలో ఉత్తరం పాత క్లబ్బుకు వెళ్లేది, నెలాఖరుకు ఆటగాడు కొత్త క్లబ్బులో సంతకం చేసేవాడు. అలా మారినట్టు తెలిసిన గంటలోనే కొత్త క్లబ్బుకు మళ్లీ రాయాలి, పాత ఉత్తరం తేదీతో సహా జతచేసి. కొత్త క్లబ్బులో ఇంకా శిక్షణే మొదలుపెట్టని ఆటగాడిని పంపడానికి అక్కడి కోచ్ మనసొప్పదు. ఆ ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. అందుకే ముందు మర్యాదగా ఫోన్‌లో మాట్లాడి, ఆ తర్వాత కాగితం పంపితే పని సాఫీగా సాగుతుంది.

ముందుచూపున్న ఫెడరేషన్లు తుది జట్టులోని 23 మందికే కాకుండా, ఆడించే అవకాశమున్న ముప్ఫై అయిదు నలభై మందికీ గడువులోపే ఉత్తరాలు పంపిస్తాయి. మూడు రోజుల ముందు లెఫ్ట్ బ్యాక్‌కి గాయమైతే, అతని బదులు పిలవాల్సినవాడికి అప్పుడు కొత్తగా రాసినా పదిహేను రోజుల నిబంధన తీరదు. క్లబ్బు 'మాకు వేళకు చెప్పలేదు' అంటే నోరెత్తలేం. రిజర్వు జాబితాలో ముందే పేరుంటే ఆ మాటకు తావుండదు. తుది జట్టు ఖరారయ్యాక, అక్కర్లేని ఆటగాళ్ల క్లబ్బులకు వెంటనే ఆ సంగతి చెప్పేయడం కూడా అంతే ముఖ్యం. ఆ ఒక్క మర్యాద పాటించకే కొన్ని ఫెడరేషన్లు క్లబ్బుల దగ్గర పరపతి పోగొట్టుకుంటాయి.

క్లబ్బు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే? ముందుగా క్లబ్బున్న దేశపు ఫెడరేషన్‌ను కలగజేసుకోమని అడగాలి. దానివల్ల ఫలితం లేనప్పుడే ఫిఫా తలుపు తట్టొచ్చు, అదీ మ్యాచ్‌కి కనీసం అయిదు రోజుల ముందు. అక్టోబర్ 9 గురువారం మ్యాచ్ అనుకుంటే 4వ తేదీ శనివారం ఆఖరు, అంటే మళ్లీ శుక్రవారానికే పూర్తిచేసుకోవాలి. ఈ మెట్లు దాటకుండా నేరుగా ఫిఫాకు రాస్తే ఆ అర్జీ నిలవదు. పిలిచిన ఆటగాడిని వదలకుండా తన మ్యాచ్‌లో ఆడించిన క్లబ్బుకు శిక్ష గట్టిదే, ఆ మ్యాచ్ ఓడినట్టు ప్రకటించమని ఫిఫా అక్కడి ఫెడరేషన్‌ను కోరుతుంది.

గాయాల సంగతి అన్నిటికంటే సున్నితం. శుక్రవారం క్లబ్బు నుంచి 'తొడ కండరం పట్టేసింది, రాలేడు' అని మెయిల్ వస్తుంది. నమ్మాలా వద్దా? ఫెడరేషన్ కోరితే, తాను ఎంచుకున్న డాక్టరు చేత ఆటగాడిని పరీక్ష చేయించవచ్చు. ఆటగాడు అడిగితే ఆ పరీక్ష అతని క్లబ్బున్న దేశంలోనే జరగాలి. ముందు ఎంఆర్ఐ ఫైళ్లు తెప్పించుకుని జట్టు డాక్టరు, క్లబ్బు డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. మాటలతో రాసిన రిపోర్టు కాదు, స్కాన్ బొమ్మలే అడగాలి. రాలేనన్న ఆటగాడు విడుదల కాలంలోనూ, ఆ తర్వాత మరో అయిదు రోజులూ క్లబ్బుకు ఆడకూడదన్న నిబంధన ఉంది. బుధవారం 'గాయం' అన్నవాడు ఆ శనివారమే లీగ్‌లో తొంభై నిమిషాలు ఆడేయకుండా కాపాడేది అదే. నిజంగా గాయపడి కోలుకున్నవాడి మీద దాన్ని వాడటం మాత్రం అన్యాయం, అప్పుడు ఫెడరేషనే మినహాయింపు ఇవ్వాలి.

2021 సెప్టెంబర్‌లో ఈ అయిదు రోజుల నిబంధన పెద్ద వార్త అయింది. కోవిడ్ రెడ్ లిస్టులోని దేశాలకు వెళ్లొస్తే ఇంగ్లండ్‌లో పది రోజులు హోటల్ క్వారంటైన్. అందుకని ఆ దేశాలకు ఆటగాళ్లను వదలకూడదని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు నిర్ణయించుకున్నాయి. బ్రెజిల్‌తో పాటు మరికొన్ని ఫెడరేషన్లు ఆ నిబంధనను అమలు చేయమని ఫిఫాను అడిగి, చివరి ఘడియలో వెనక్కి తగ్గాయి. ఇంగ్లండ్ నుంచి వెళ్లిన నలుగురు అర్జెంటీనా ఆటగాళ్లు క్వారంటైన్ పాటించలేదని సెప్టెంబర్ 5న సావోపాలోలో బ్రెజిల్, అర్జెంటీనా క్వాలిఫయర్ మొదలైన కాసేపటికే ఆరోగ్య శాఖ అధికారులు మైదానంలోకి వచ్చి ఆపేశారు. ఆ మ్యాచ్ మళ్లీ జరగనే లేదు.

ఆటగాడు వచ్చాడు సరే, ఆడగలడా? లండన్‌లో ఆదివారం క్లబ్బు మ్యాచ్ ఆడి, 2025 అక్టోబర్ విండోకు ఆక్లాండ్ చేరాల్సిన ఆటగాడిని ఊహించండి. సోమవారం ఉదయం 9 గంటలకు విమానం ఎక్కితే అప్పటికే ఆక్లాండ్‌లో రాత్రి 9. ఒక స్టాప్‌తో ఇరవై ఆరు గంటల ప్రయాణం అనుకుంటే దిగేసరికి మంగళవారం రాత్రి 11. బుధవారం కాళ్ల వాపు తగ్గడానికే పోతుంది, నిద్ర పట్టదు. మొదటి మ్యాచ్ గురువారం పెడితే అతను ఒక్క పూర్తి ప్రాక్టీసు కూడా చేయకుండా దిగాలి. శుక్రవారం పెడితే ఒక ప్రాక్టీసు దొరుకుతుంది. గంట తేడాకు ఒక రోజు చొప్పున శరీరం సర్దుకుంటుందన్న మోటు లెక్క వేస్తే, పన్నెండు గంటల తేడాకు తొమ్మిది రోజుల విండో మొత్తం చాలదు. అందుకే మొదటి మ్యాచ్‌లో అతన్ని చివరి అరగంటకు దింపి, రెండో మ్యాచ్‌లో మొదటి నుంచి ఆడించే కోచ్ మీద కోపం తెచ్చుకోకండి. మ్యాచ్‌ల తేదీలు ఖరారు చేసుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

ఎత్తైన చోట్ల లెక్క వేరు. బొలీవియా 2024 నుంచి ఎల్ ఆల్టోలో ఆడుతోంది, సముద్ర మట్టానికి దాదాపు 4,100 మీటర్లు. ఒంటికి అలవాటు కావడానికి చాలా రోజులు పడుతుంది, విండో అంత సమయం ఇవ్వదు. అందుకే ఎదుటి జట్లు కింద శాంటా క్రూజ్ లాంటి చోట మకాం వేసి, మ్యాచ్ రోజే కొండెక్కుతాయి. 2025 సెప్టెంబర్ 9న అక్కడే బ్రెజిల్‌ను 1-0తో ఓడించి బొలీవియా ప్రపంచ కప్ ప్లేఆఫ్ బెర్తు పట్టింది.

మంచి ఆటగాళ్లు చిన్న చిన్న కాగితాల దగ్గర ఆగిపోయిన సందర్భాలూ ఉంటాయి. క్లబ్బున్న దేశంలో నివాస పర్మిట్ రెన్యువల్‌కి ఇచ్చి, పాస్‌పోర్టు ఆఫీసులో ఉండిపోతుంది. బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానిస్తారా అన్న అనుమానం ఉంటే ఏ క్లబ్బూ పంపదు. రెండో మ్యాచ్ మూడో దేశంలో ఉంటే దానికో వీసా. కొన్ని దేశాలు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతాయి, అది టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. జట్టు ప్రకటించాక గుర్తొస్తే అప్పటికే ఆలస్యం. టీమ్ మేనేజర్ దగ్గర ప్రతి ఆటగాడి పాస్‌పోర్టు గడువు, నివాస పర్మిట్ గడువు, టీకా తేదీ, పసుపు కార్డుల లెక్క ఒకే షీటులో ఉండాలి. ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో వేర్వేరు మ్యాచ్‌లలో రెండు పసుపు కార్డులు పడితే తర్వాతి మ్యాచ్‌కి దూరమవ్వాలి. గురువారం రెండో కార్డు పడినవాడిని మంగళవారం దాకా అట్టేపెట్టుకోకుండా వెనక్కి పంపేస్తే క్లబ్బు ఆ మేలు గుర్తుంచుకుంటుంది.

డబ్బు లెక్కలు కూడా తెలియాలి. ప్రయాణ ఖర్చు ఫెడరేషన్‌ది. ఆటగాడిని వదిలినందుకు ఫెడరేషన్ నుంచి క్లబ్బుకు పరిహారం రాదు, పైగా ఆ కాలానికి గాయాల బీమా బాధ్యత క్లబ్బుదే. ఈ భారం తగ్గించడానికే ఫిఫా 2012లో క్లబ్బుల రక్షణ పథకం తెచ్చింది. సీనియర్ జాతీయ జట్టుతో ఉండగా ప్రమాదవశాత్తూ గాయపడి 28 రోజులకు మించి ఆటకు దూరమైతే రోజుకు 20,548 యూరోల దాకా, ఏడాదికి గరిష్ఠంగా 75 లక్షల యూరోల దాకా జీతం భర్తీ చేస్తుంది. మూడు వారాల కండరం గాయమైతే క్లబ్బుకు పైసా రాదు, పెద్ద జీతాలకు ఆ పరిమితి ఏ మూలకూ చాలదు. 2023 అక్టోబర్ 17న మాంటెవిడియోలో ఉరుగ్వేతో క్వాలిఫయర్‌లో నెయ్‌మార్ మోకాలి లిగమెంటు తెగింది. సౌదీ క్లబ్బు అల్ హిలాల్‌కి అతను మళ్లీ ఆడింది ఏడాది దాటాకే. క్లబ్బుల భయం ఊరికే పుట్టింది కాదు. 2026 ప్రపంచ కప్‌కి క్లబ్బుల వాటా 35.5 కోట్ల డాలర్లకు పెంచి, క్వాలిఫయర్లకు ఆటగాళ్లను ఇచ్చిన క్లబ్బులకూ మొదటిసారి అందులో భాగం పెట్టారు. చిన్న క్లబ్బులకు ఇది నిజంగా ఊరట.

తిరుగు ప్రయాణం మీద మాత్రం చాలా ఫెడరేషన్లకు శ్రద్ధ తక్కువ. విడుదల గడువు ముగిసిన 24 గంటల్లో ఆటగాడు క్లబ్బులో హాజరవ్వాలి, మ్యాచ్‌లు వేరే ఖండ సమాఖ్య పరిధిలో జరిగితే 48 గంటలు. గెలిచిన రాత్రి విందు, సన్మానం అంటూ ఒక రోజు ఆపితే, తర్వాతి పిలుపులో విడుదల కాలం 24 గంటలు కోసేస్తారు. అంటే వచ్చే విండోలో ఆ ఆక్లాండ్ ఆటగాడు మంగళవారం ఉదయానికి గానీ విమానం ఎక్కడు, బుధవారం రాత్రికి గానీ దిగడు. శుక్రవారం మ్యాచ్‌కి మిగిలేది గురువారం ఒక్కటే.