మొరం మీద థ్రాటిల్

ఆదివారం. తెల్లవారుజామున 5:30.

ఈ-సైకిల్ (బ్యాటరీ, మోటారు ఉన్న సైకిల్) మీద గుట్టకు పోయే రోజు టైర్లలో గాలి చూడటంతో మొదలవుతుంది. వారమంతా రోడ్డు మీద తిరిగిన టైర్లలో 45 పీఎస్ఐ ఉంది. మొరం మీద అంత గాలి పనికిరాదు. టైరు గులకరాళ్ల మీద బంతిలా ఎగురుతుంది, వెనక చక్రానికి పట్టు దొరకదు. 2.1 అంగుళాల టైరు, లోపల ట్యూబు, తొక్కే మనిషి 75 కిలోలు అనుకుంటే వెనక 32, ముందు 28 చాలు. ఇంకా దించితే మెత్తగా ఉంటుంది కదా అనిపిస్తుంది గానీ, 25 కిందికి పోతే బండ అంచు తగలగానే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, అచ్చం పాము కాటులా. ఈ-సైకిల్ ఒక్కటే 24 కిలోలు, హబ్ మోటారైతే, అంటే చక్రం నడిమధ్యలో కూర్చునే మోటారైతే, దాని బరువంతా వెనక చక్రంలోనే. మామూలు ఎంటీబీకి (కొండదారి సైకిల్‌కి) చెప్పే గాలి లెక్క దీనికి తెచ్చి పెట్టకూడదు.

తర్వాత 18 నంబరు పానా. వెనక ఆక్సిల్ (చక్రం ఇరుసు) నట్లు రెండూ. థ్రాటిల్, అంటే తొక్కకుండానే మోటారును నడిపే మీట, ఉన్న హబ్ మోటారు ఈ-సైకిల్‌కి ఈ పని తప్పదు. థ్రాటిల్ నొక్కిన ప్రతిసారీ మోటారు చక్రాన్ని ముందుకు తోస్తూ, అంతే బలంతో ఆక్సిల్‌ని వెనక్కి తిప్పజూస్తుంది. దాన్ని ఆపేది ఆక్సిల్‌కి రెండు వైపులా చెక్కిన చదును భాగం, డ్రాపౌట్‌లో (ఆక్సిల్ కూర్చునే ఫ్రేము గాడిలో) దిగే పన్నున్న వాషరు, ఉంటే ఆక్సిల్‌ని ఫ్రేముకు కట్టి పట్టే టార్క్ ఆర్మ్. నట్టు పావు చుట్టు వదులైనా రోజూ కొంచెం కొంచెం ఆడి, ఒకనాడు ఆక్సిల్ మొత్తం గిర్రున తిరిగి మోటారు వైరును మెలేసి తెంపుతుంది. అలాంటి రిపేరు ఖర్చు ముందు పానా బరువు ఎంత?

ఈరోజు వెంట ఉన్నవి రెండు సైకిళ్లు. ఒకటి వెనక హబ్ మోటారుది. 36 వోల్టులు, 10 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ, పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే కేడెన్స్ సెన్సర్, బొటనవేలి థ్రాటిల్. రెండోది పెడల్ దగ్గరే మోటారున్న మిడ్‌డ్రైవ్. కాలు ఎంత బలంగా నొక్కుతోందో కొలిచే టార్క్ సెన్సర్ ఉంది, థ్రాటిల్ లేదు. రెండూ 250 వాట్లవే. ఒకే గుట్ట, అవే రాళ్లు.

6:15. హైదరాబాద్, ఖాజాగూడ గుట్టలు.

రోడ్డు మీది ప్రయాణం గురించి రాయడానికేం లేదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పుతో వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీదైనా అంతే, థ్రాటిల్ ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. గుట్ట మొదలయ్యాకే తేడా.

ఇక్కడి నేల సంగతి ముందు తెలియాలి. దక్కను గ్రానైటు ఎండకూ వానకూ పగిలి, అరిగి అయ్యేదే మొరం. కింద గట్టి నేలో బండో ఉంటుంది, పైన అర అంగుళం మందాన గోళీల్లాంటి గింజలు. వాన పడిన మర్నాడు ఇది బాగా పట్టుకుంటుంది. పది రోజులు ఎండితే పై పొర చక్రం కింద దొర్లుతుంది. అలాంటి చోట థ్రాటిల్ ఒక్కసారిగా నొక్కితే వెనక చక్రం ఉన్నచోటే తిరిగి గుంత చేస్తుంది, అంతే. చవక థ్రాటిళ్లలో ఈ తిప్పలు ఎక్కువ. మీట ఎంత కదిలిందో చెప్పే లోపలి హాల్ సెన్సర్ దాదాపు 1 వోల్టు నుంచి 4 వోల్టుల దాకా సిగ్నల్ ఇస్తుంది. మొదటి కొంత దూరం ఏమీ జరగదు, ఆ తర్వాత కరెంటు ధడాలున వస్తుంది. ఏమీ జరగని ఆ దూరం ఎంతో బొటనవేలికి ముందే తెలియాలి. దాని చివరిదాకా వేలు తెచ్చి ఆపి, అక్కడి నుంచి రెండు మూడు మిల్లీమీటర్లే కదపాలి. ఒళ్లు కాస్త ముందుకు వంచాలి గానీ సీటు మీంచి లేవకూడదు. లేస్తే వెనక చక్రం మీద బరువు పోయి మళ్లీ జారుతుంది.

తిప్పే థ్రాటిల్ కంటే బొటనవేలిదే ఇక్కడ నయం. ఎగుడుదిగుడులో హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటాం. తిప్పేదైతే ఆ పట్టులోనే తెలియకుండా తిరిగిపోతుంది.

మొదటి ఎక్కుడు దాదాపు పది శాతం వాలు. ఇక్కడ లెక్క వేసి చూడాలి. మనిషి, సైకిల్, నీళ్లు, పానాలు కలిపి 105 కిలోలు. పది శాతం వాలులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే బరువు మోయడానికే సుమారు 285 వాట్లు, వదులు మొరం లాగే నిరోధానికి ఇంకో 60 నుంచి 85. మొత్తం 350 పైమాటే. మోటారు మీద రాసింది 250. కాలు 120 వాట్లు ఇస్తే మోటారుకు మిగిలేది 230, హాయిగా లాగుతుంది. కాలు ఆపి థ్రాటిల్ మీదే వదిలేస్తే కొరత పడుతుంది, వేగం పడిపోతుంది. మోటారుకు కరెంటు వదిలే కంట్రోలరు 15 ఆంపియర్లు ఇస్తుంది కదా, అంటే 540 వాట్లు కదా అని కొందరి వాదన. అది బ్యాటరీ నుంచి వచ్చేది, చక్రానికి చేరేది కాదు. హబ్ మోటారుకు గేర్లు మార్చుకునే వీలు లేదు, చక్రం ఎంత మెల్లగా తిరిగితే అదీ అంత మెల్లగా తిరగాలి. గంటకు 6 కిలోమీటర్లకు పడిపోయిందంటే లోపలికి పోయిన కరెంటులో సగానికి పైగా వేడే. పైగా లాగుడు రెండింతలైతే తీగచుట్టలో పుట్టే వేడి నాలుగింతలు.

గేర్డ్ హబ్‌లో, అంటే లోపల మారని పళ్ల చక్రాలున్న హబ్ మోటారులో, ఆ వేడి బయటికి రావడం కూడా కష్టం, లోపలి మోటారు పై డొక్కును తాకదు కాబట్టి. చేయి పెట్టి చూసే పద్ధతే నమ్మకం. ఎక్కుడు అయ్యాక డొక్కు మీద అరచేయి ఐదు సెకన్లు ఆన్చలేకపోతే ఆపి, నీడలో పావుగంట ఉంచాలి. లోపల ఇంకా కాలుతోందని అర్థం. లోపలి నైలాన్ పళ్ల చక్రాలు ఆ వేడికి మెత్తబడతాయి. మొదట కీచుమనే శబ్దం, తర్వాత ఒకరోజు మోటారు గిర్రుమంటుంది గానీ చక్రం కదలదు. పళ్లు రాలిపోయాయన్నమాట.

ఈ ఎక్కుడు మీద మిడ్‌డ్రైవ్‌కి బాధే లేదు. వెనక పెద్ద పళ్ల చక్రానికి చైను మార్చుకుంటే మోటారు తన వేగంలో తాను తిరుగుతుంది. కాకపోతే గేరు ఎక్కుడు మొదలవకముందే మార్చాలి. వాలు మధ్యలో, మోటారూ కాలూ కలిసి చైనును లాగుతుండగా మారిస్తే అది తెగడం ఖాయం, ఇవాళ కాకపోతే వచ్చే వారం. మార్చక తప్పకపోతే ఒక అర చుట్టు కాలు బలం తగ్గించాలి. టార్క్ సెన్సర్ కాబట్టి మోటారు కూడా తగ్గుతుంది. కేడెన్స్ సెన్సర్‌కి ఈ తెలివి లేదు. పెడల్ తిరుగుతుంటే చాలు, అది పూర్తి బలంతో తోస్తూనే ఉంటుంది.

7:00. రాళ్ల మధ్య.

ఎక్కుడు కంటే ఇది కష్టం. మోకాలెత్తు గుండ్ల నడుమ సందు, కింద పరుపు బండ, దాని మీద మెట్టులా లేచిన అంచులు. ఇక్కడ పెడల్ పూర్తి చుట్టు తిప్పలేం, కిందికి పోయిన పెడల్ రాయికి కొట్టుకుంటుంది. కొట్టుకుంటే క్రాంకు (పెడల్‌ని పట్టి ఉంచే కడ్డీ) వంగడమో మనిషి పక్కకు పడటమో జరుగుతుంది. థ్రాటిల్ ఉన్నందుకు నిజంగా సంతోషించాల్సిన చోటిదే. రెండు పెడల్లూ నేలకు సమాంతరంగా ఉంచి, నిలబడి, అంచు ముందు చక్రానికి జానెడు దూరంలో ఉండగా ఒక్క సెకను నొక్కి వదలాలి. ముందు చక్రం ఎక్కాక ఒళ్లు ముందుకు, వెనక చక్రానికి ఇంకో సెకను. పట్టి ఉంచితే ఎక్కిన తర్వాత కూడా తోస్తుంది, అవతలి రాయిలోకి.

థ్రాటిల్ లేని సైకిల్ ఇక్కడ ఆగిపోతుందనుకుంటే పొరపాటు. పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మళ్లీ ముందుకు అంటూ తొక్కే పద్ధతి ఒకటుంది. టార్క్ సెన్సర్ మంచిదైతే ఆ పావు చుట్టు ఒత్తిడికే మోటారు పలుకుతుంది. ఇదే పని కేడెన్స్ సెన్సర్‌తో చేస్తే వెనక్కి తిప్పగానే మోటారు ఆగిపోతుంది, మళ్లీ మొదలవడానికి పెడల్‌తో పాటు తిరిగే డిస్కులోని కొన్ని అయస్కాంతాలు సెన్సర్ ముందు నుంచి పోవాలి. 12 అయస్కాంతాల డిస్కయితే పావు చుట్టుతో సరి, 6 ఉంటే సగం చుట్టు దాకా. ఆ సగం చుట్టు తిప్పే చోటు ఉంటే అసలు ఇబ్బందేముంది? అందుకే కేడెన్స్ సెన్సరూ ఉండి థ్రాటిలూ లేని సైకిల్‌ని ఈ గుట్టల మీదికి తేవద్దనే చెప్పాలి. దుకాణాల్లో చవగ్గా దొరికేవాటిలో అలాంటివీ ఉన్నాయి.

యూరప్‌ నుంచి వచ్చే సలహాలు ఇక్కడ అచ్చంగా పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ తొక్కకుండా గంటకు 6 కిలోమీటర్లు దాటి తోసే మోటారుంటే అది సైకిల్ కింద లెక్క కాదు. థ్రాటిల్ వద్దన్నారు కాబట్టి కంపెనీలు సెన్సర్ మీద శ్రద్ధ పెట్టాయి. మన దగ్గర మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే మోటారు వాహనం కిందికి రాదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. కాబట్టి థ్రాటిల్ పెట్టి సెన్సర్ దగ్గర ఖర్చు తగ్గించుకున్నవే ఎక్కువ.

వాలు మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరడం వేరే విద్య. బ్రేకు పట్టుకుని థ్రాటిల్ ఇస్తే కదులుతుందనుకుంటారు, స్కూటర్ అలవాటు. బ్రేకు లివర్లో కటాఫ్ స్విచ్ ఉంటుంది, లివర్ కొంచెం కదిలినా కంట్రోలరు మోటారును ఆపేస్తుంది. బ్రేకు వదిలిన క్షణానికీ మోటారు పట్టుకునే క్షణానికీ మధ్య సైకిల్ వెనక్కి జారుతుంది. మార్గం ఇది. సైకిల్‌ని వాలుకు అడ్డంగా తిప్పాలి. పై వైపు కాలు నేల మీద, కింది వైపు పెడల్ గడియారంలో రెండు గంటల ముల్లు దగ్గర. పెడల్ మీద బరువు వేస్తూ బ్రేకు వదలాలి, అదే క్షణంలో వేలు. రెండు గజాలు అడ్డంగా పోయాకే ముక్కు పైకి తిప్పాలి. మిడ్‌డ్రైవ్‌కీ ఇంతే, వేలు పని లేదు గానీ అసిస్ట్ (తొక్కేటప్పుడు మోటారు చేసే సాయం) తక్కువ లెవల్లో ఉండాలి. ఎక్కువలో ఉంటే మొదటి తొక్కుడుకే ముందు చక్రం లేస్తుంది.

అదీ కుదరకపోతే దిగి తోయడమే. మైనస్ బటన్ నొక్కి పట్టుకుంటే నడక వేగంతో సాయం చేసే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. 24 కిలోల్ని బండ మీద తోసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. సిగ్గు పడాల్సిందేమీ లేదు.

దిగేటప్పుడు అసిస్ట్ సున్నా. అలవాటుకొద్దీ పెడల్ తిప్పినా మోటారు తోయకూడదు. వెనక బ్రేకు ఒక్కటే పట్టుకుంటే మొరం మీద చక్రం బిగుసుకుని జారుతుంది. ముందుది రెండు వేళ్లతో, మెల్లగా, పట్టి వదులుతూ. కేబుల్ బ్రేకైతే దిగాక లివర్ హ్యాండిల్ దాకా వస్తోందేమో చూసి, కాలిపర్ (చక్రం దగ్గర బ్రేకు పట్టే భాగం) దగ్గరి అడ్జస్టరును రెండు చుట్లు విప్పుకోవాలి.

8:20. పల్లేరు.

పెద్ద చెరువు వైపు దిగాక వెనక టైరు మెత్తబడింది. పల్లేరుకాయ. సర్కారు తుమ్మ ముల్లు అయితే పొడుగ్గా కనిపించేది. పంక్చర్ దుకాణంలో జవాబు తెలిసిందే: “మోటర్ చక్రం మేం ఇప్పమన్నా, వైర్ తెగితే మా మీద పడుతది.” ఆయన తప్పేం లేదు. నిజానికి చక్రం విప్పాల్సిన అవసరమే లేదు. సైకిల్ పడుకోబెట్టి, మోటారు వైరు లేని వైపు టైరు అంచు ఒక్కటే లివర్లతో రిమ్ము దాటించి, ముల్లు ఉన్న చోట జానెడు ట్యూబు బయటికి లాగి అతికించవచ్చు. అతికించే ముందు, టైరు లోపల వేళ్లు మెల్లగా తిప్పి ముళ్లన్నీ తీయాలి. పల్లేరు ఎప్పుడూ ఒంటరిగా రాదు, ఈరోజు మూడు దొరికాయి. ట్యూబులో చిల్లుల్ని తనే పూడ్చే సీలెంటు 100 మిల్లీలీటర్లు పోసి ఉంటే ఈ పనే ఉండేది కాదు.

సాయంత్రం.

బ్యాటరీ లెక్క రాసి పెట్టుకోవాలి. 105 కిలోల్ని 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావాల్సిన శక్తి దాదాపు 29 వాట్-అవర్లు. కాలు మూడో వంతు మోస్తే, నష్టాలు కలుపుకుని బ్యాటరీ నుంచి పోయేది సుమారు 30. ఒట్టి థ్రాటిల్ మీద మెల్లగా ఎక్కితే 70 దాకా పోతుంది. బ్యాటరీ మొత్తం 360. వాలు మీద మూడు గీతలు ఒక్కటై, చదునులో మళ్లీ మూడవడం చూసి మీటరు పాడైందనుకోనక్కర్లేదు. కరెంటు ఎక్కువ లాగినప్పుడు వోల్టేజి కుంగుతుంది. ఈ 36 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 42 వోల్టులు, అది 31 ప్రాంతానికి పడితే కంట్రోలరు మోటారును ఆపేస్తుంది, ఇంకా చార్జి మిగిలి ఉన్నా సరే. అందుకే ఎక్కుడు పొద్దున్నే, నిండు బ్యాటరీతో. చదును తిరుగుడు తర్వాత.

ఇంటికి రాగానే చార్జింగు పెట్టలేదు. వేడి తగ్గేదాకా ఒక గంట నీడలో ఉంచి, అప్పుడు 2 ఆంపియర్ల చార్జరు. తడి గుడ్డతో తుడవడమే, పైపుతో నీళ్లు కొట్టడం లేదు. థ్రాటిల్ కనెక్టర్‌లో తేమ చేరితే వేలు పెట్టకుండానే మోటారు పలుకుతుంది. అది గుట్ట అంచున జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? కనెక్టర్ విప్పి ఆరబెట్టి, మూత కింది వైపు ఉండేలా మళ్లీ కట్టడం అయింది. వెనక చక్రం పైకెత్తి థ్రాటిల్ నొక్కి వదిలి చూస్తే వెంటనే ఆగుతోంది. బ్రేకు లివర్ తాకితే కూడా.

ఎడమ నట్టు మాత్రం పొద్దున బిగించినదే మళ్లీ కొంచెం తిరిగింది. పన్నున్న వాషరు అరిగి ఉంటుంది. రేపు కొత్తది కొనాలి. టైర్లలో గాలి మళ్లీ 45.