కొత్త బండి, మోతకర్రలు

ఉజ్జా చనిపోయిన సంగతి (2 సమూయేలు 6) చదివిన ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. దావీదు రాజు దేవుని మందసాన్ని, అంటే పది ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టెను, ఎద్దుల బండి మీద యెరూషలేముకు తెప్పిస్తున్నాడు. దారిలో ఎద్దులకు కాలు జారింది. మందసం ఒరిగిపోతుందేమోనని బండి తోలుతున్న ఉజ్జా చెయ్యి చాపి పట్టుకున్నాడు, అక్కడే చనిపోయాడు. పడనివ్వకూడదనేగా!

చాలాకాలం నేను ఆ క్షణం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. పొరపాటు అంతకుముందే, బండి కట్టిన రోజే జరిగిందని తెలియడానికి 1 దినవృత్తాంతములు 13, 15 అధ్యాయాలను పక్కపక్కన పెట్టుకుని చదవాల్సి వచ్చింది.

పదమూడో అధ్యాయంలో దావీదు అందరినీ అడిగాడు. సహస్రాధిపతులతో, శతాధిపతులతో ఆలోచన చేశాడు. సమాజమంతా సరేనంది. ఆ పని జనులందరి దృష్టికి అనుకూలంగా కనబడిందని రాసి ఉంది. సమూయేలు గ్రంథం ప్రకారం 30,000 మంది కదిలారు. సితారాలు, తంబురలు, తాళాలు, దేనికీ లోటు లేదు. బండి కూడా కొత్తది చేయించారు, వాడిన బండి మీద పెట్టడానికి మనసొప్పలేదు కాబోలు. అంత భక్తి ఉంది. అడగకుండా వదిలేసింది దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ధర్మశాస్త్రాన్నే.

జవాబు అక్కడ ఎప్పటినుంచో ఉంది. మందసానికి నాలుగు ఉంగరాలు, తుమ్మకర్రతో చేసి బంగారు రేకు పొదిగిన మోతకర్రలు, వాటిని ఉంగరాల్లోంచి తీయకూడదు (నిర్గమ 25). సంఖ్యాకాండము 7లో ప్రధానులు 6 బండ్లు, 12 ఎద్దులు తెచ్చి ఇస్తే మోషే వాటిని గుడారపు సేవ చేసే లేవీ గోత్రపు వంశాలకు పంచాడు: గెర్షోనీయులకు 2 బండ్లు, మెరారీయులకు 4 బండ్లు. మూడో వంశమైన కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. పరిశుద్ధమైనవాటిని భుజాల మీద మోయడమే వాళ్ల పని. బండ్లు చేతిలో ఉండి కూడా మందసానికి ఇవ్వలేదన్నమాట. ముట్టుకుంటే చస్తారని నాలుగో అధ్యాయం ముందే హెచ్చరించింది. మరి ఈ బండి ఆలోచన ఎక్కడిది? అంతకుముందు యుద్ధంలో మందసాన్ని పట్టుకుపోయిన శత్రువులు ఫిలిష్తీయులు దాన్ని తిప్పి పంపేటప్పుడు చేసిన పని అది. వాళ్లకు ధర్మశాస్త్రం లేదు. దావీదుకు ఉంది.

నేను ఆరాధన నడిపించే బాధ్యతలో ఉన్న రోజుల్లో, ఆదివారం కోసం కూర్చుంటే మా మొదటి ప్రశ్న ‘ఏం చేస్తే బాగుంటుంది?’ అనేదే. వాక్యం ఏం చెబుతోందన్నది తర్వాత వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. పాటలు పెరిగాయి, వాక్యపఠనం నాలుగు వచనాలకు వచ్చింది. పౌలు తిమోతితో ‘చదువుటయందును’ జాగ్రత్తగా ఉండమన్నది సంఘమంతా వినేలా లేఖనాలు చదవడం గురించే (1 తిమోతి 4:13). రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత వర్ణించిన ఆదివారపు కూడికలో అపొస్తలుల, ప్రవక్తల రాతలను సమయం ఉన్నంతసేపు చదివేవారు. ఆ మాట నన్ను గుచ్చింది. మేం సమయం మిగిలితే చదివేవాళ్లం.

ఎన్ని పాటలు, ఎంతసేపు, ఏ రాగంలో అన్నది లేఖనం చెప్పలేదు. చెప్పనిచోట మనం ఆజ్ఞలు పెట్టడమూ తప్పే. మనుషులు కల్పించిన పద్ధతులను దైవోపదేశాలని బోధించేవారి ఆరాధన వ్యర్థమని ప్రభువే అన్నాడు (మత్తయి 15:9). కానీ బోధ, సహవాసం, రొట్టె విరచడం, ప్రార్థన, వీటిలో తొలి విశ్వాసులు ఎడతెగక ఉన్నారని అపొస్తలుల కార్యములు 2:42లో స్పష్టంగా ఉంది. వీటిని కుదించి మరొకదానికి చోటివ్వడానికి మనకేం అధికారం ఉంది?

ఉజ్జా చనిపోయాక మందసాన్ని ఓబేదెదోము అనే అతని ఇంట్లో ఉంచారు, అక్కడ అది మూడు నెలలు ఉంది. పదిహేనో అధ్యాయానికి వచ్చేసరికి దావీదు మాట మారింది. మనం విధిప్రకారం దేవుని యొద్ద విచారించలేదు, అందుకే ఇలా జరిగింది అని లేవీయులతో ఒప్పుకున్నాడు. ఈసారి మోషే ఆజ్ఞాపించినట్టే వాళ్లు మోతకర్రలతో భుజాల మీదికి ఎత్తుకున్నారు. సంతోషమేమీ తగ్గలేదు. గాయకులు, బూరలు, తాళాలు, స్వరమండలాలు అన్నీ ఉన్నాయి. సమూయేలు గ్రంథం ప్రకారం మోసేవాళ్లు ఆరు అడుగులు సాగగానే బలి అర్పించారు. దావీదు నారబట్టతో చేసిన ఏఫోదు (యాజకులు ధరించే పైవస్త్రం) ధరించి శక్తికొద్దీ నాట్యమాడాడు. వాక్యానికి లోబడితే ఆరాధన చల్లబడిపోతుందని భయపడేవాళ్లతో కలిసి కూర్చుని ఈ అధ్యాయం చదవాలని ఉంటుంది నాకు.

తర్వాత సొలొమోను మందిరంలో మందసం కుదురుకుంది. ఇక మోయాల్సిన పని లేదు. అయినా మోతకర్రల కొనలు పరిశుద్ధస్థలంలోకి కనబడుతూనే ఉన్నాయి (1 రాజులు 8:8). ఎవరూ వాటిని తీయలేదు.